డిసెంబరు ఎండ లెక్క

డిసెంబరు 22 మిట్టమధ్యాహ్నం అనంతపురంలో సూర్యుడు దిగంతం నుంచి 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే రోజు నెదర్లాండ్స్‌లో, గాజు తోటలకు పేరుమోసిన వెస్ట్‌లాండ్‌లో, 15 డిగ్రీలు కూడా ఎక్కడు. అక్కడ పగలు ఏడున్నర గంటలు దాటితే గొప్ప. ఇక్కడ పదకొండుంబావు. చలికాలంలో కూరగాయలకు వెలుతురు చాలదు, దీపాలు పెట్టుకోవాలి అని గ్రీన్‌హౌస్ సాగు మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు చెబుతాయి. వాటిని రాసినవాళ్లలో ఎక్కువమంది ఆ 15 డిగ్రీల సూర్యుడి కింద బతికినవాళ్లే. 52 డిగ్రీల సూర్యుడి కింద పాలీహౌస్ వేసుకున్న రైతుకు ఆ పాఠం అక్షరాలా వర్తించదు. అలాగని చలికాలంలో అతనికి వెలుతురు కరువు రాదనీ కాదు. వస్తుంది. ఆకాశం నుంచి రాదు, చాలాసార్లు ఎండను ఆపడానికి తను కట్టుకున్న షేడ్‌నెట్టు నుంచే వస్తుంది.

ఇది తేలాలంటే ముందు వెలుతురును ఎలా కొలుస్తారో తెలియాలి.

వాన కొలవడం అనంతపురానికి కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే అదే పదివేలు. జైసల్మేర్ తరవాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని దానికి పేరు. పొద్దున్నే రచ్చబండ దగ్గర 'రాత్రి ఎంత పడింది?' అనే అడుగుతారు. ఏ నిమిషంలో ఎంత జోరుగా కురిసిందన్నది తరవాతి మాట. మొక్క లెక్క కూడా అంతే. పన్నెండింటికి ఎండ ఎంత తీక్షణంగా ఉంది అన్నదానికంటే, పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా ఆకు మీద మొత్తం ఎంత వెలుతురు పడింది అన్నదే దిగుబడికి అసలు కొలత.

ఆ కొలతను ఏ ప్రమాణంలో చెప్పాలి? లక్స్ పనికిరాదు. అది మనిషి కంటి కోసం పుట్టిన కొలమానం. మన కన్ను ఆకుపచ్చ, పసుపు రంగుల దగ్గర చురుకు, ఎరుపు, నీలం చివరల్లో మందం. ఆకు తీరు వేరు. 1972లో కె.జె. మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త అమెరికాలోని టెక్సాస్‌లో ఇరవైకి పైగా పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు వెలుతురూ వేసి, ఏ రంగుకు ఎంత కిరణజన్య సంయోగక్రియ జరుగుతుందో కొలిచాడు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుతురంతా ఆకుకు పనికొస్తుందని తేలింది. ఎరుపు అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఆకుపచ్చ వెలుతురు ఆకుకు దండగ అని బడిలో చదువుకున్నది మాత్రం నిజం కాదు. అందులోనూ ఎక్కువ భాగాన్ని ఆకు వాడుకుంటుంది. కాబట్టి ఇప్పుడు ఆ హద్దుల మధ్య ఎన్ని కాంతి కణాలు పడ్డాయో లెక్కిస్తారు. వాటిని విడివిడిగా ఎంచలేం గనుక మోల్ అనే గుత్త కొలతలో చెబుతారు. ఒక మోల్ అంటే 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కణాలు.

చదరపు మీటరు మీద రోజుకు 20 నుంచి 30 మోల్ పడితే టమాటా, కాప్సికం, కీరదోస పంటలు హాయిగా కాస్తాయి. 12కు తగ్గితే మొక్క బతుకుతుంది, కాపు మాత్రం పడిపోతుంది. సలాడ్లలో వాడే లెట్యూస్ లాంటి ఆకుకూరకు 12 నుంచి 17 చాలు. కాయ మొయ్యాల్సిన మొక్కకు ఆకు మొక్కకంటే ఎక్కువ తిండి కావాలి గదా.

ఇప్పుడు ఆకాశం ఎంతిస్తుందో చూడాలి. అనంతపురం మీద పడే సౌరశక్తి ఏడాది సగటున చదరపు మీటరుకు రోజుకు అయిదున్నర యూనిట్ల చుట్టుపక్కల ఉంటుంది. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 2016లో 250 మెగావాట్ల సౌర విద్యుత్తు మొదలుపెట్టిందంటే అది ఈ ఎండను చూసే. ఆ శక్తిని కాంతి కణాల్లోకి మారిస్తే రోజుకు సుమారు 40 మోల్. ఏప్రిల్‌లో 50 దాకా పోతుంది. చలికాలంలో, తేటగా ఉన్న డిసెంబరు రోజున కూడా 35కు అటూ ఇటూ ఉంటుంది. వెస్ట్‌లాండ్‌లో డిసెంబరు సగటు బయటే సుమారు 4. గాజు పైకప్పు దాటి లోపలికి వచ్చేసరికి 3 మిగలొచ్చు.

మూడు మోల్‌తో టమాటా కాదు గదా, లెట్యూస్ కూడా సరిగ్గా పెరగదు. అందుకే అక్కడి తోటల్లో మొక్కల వరసల పైన దీపాలు వేలాడతాయి. ఇదివరకు నారింజ రంగు వెలుగునిచ్చే సోడియం దీపాలు, ఇప్పుడు ఎక్కువగా ఎల్‌ఈడీలు. చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్ (మోల్‌లో పది లక్షలో వంతు) చొప్పున 16 గంటలు వెలిగిస్తే మొక్కకు అందేది పదకొండున్నర మోల్. సోడియం దీపాలతో ఆ మాత్రం వెలుతురు పుట్టించాలంటే ఎకరాకు రోజుకు ఏడు వేల యూనిట్ల కరెంటు కావాలి. మంచి ఎల్‌ఈడీలైతే నాలుగు వేల పైచిలుకు. వెలుతురు ఒక శాతం పెరిగితే దిగుబడి కూడా దగ్గరదగ్గర ఒక శాతం పెరుగుతుందన్నది డచ్చి రైతుల నోట నానిన లెక్క. అక్కడి వాగెనింగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పరిశీలించి, కాయ పంటల్లో అది 0.7 నుంచి 1 శాతం మధ్య ఉంటుందని 2006లో తేల్చారు. ఆ ఒక్క శాతం కోసం గాజును కడుగుతారు, ఇనుప చట్రాలకు తెల్లరంగు వేస్తారు, నీడ పడుతుందని పైపులను సన్నం చేస్తారు. 2022లో గ్యాసు, కరెంటు ధరలు మండిపోయినప్పుడు ఆ చలికాలం చాలామంది దీపాలు ఆర్పేసి కూర్చున్నారు.

డబ్బుంటే ఇరవైనాలుగు గంటలూ వెలిగించొచ్చు కదా అని అడగొచ్చు. కీరదోస కొంతవరకు ఓర్చుకుంటుంది. టమాటా ఓర్చుకోదు. రాత్రి లేకుండా వెలుతురు పోస్తూనే ఉంటే కొద్ది రోజులకే దాని ఆకులు పచ్చదనం పోగొట్టుకుని మచ్చలు మచ్చలుగా పాలిపోతాయి. ఈ సంగతి దాదాపు నూరేళ్ల కిందటే ప్రయోగశాలల్లో గమనించారు. అడవి టమాటా జాతుల్లో దాన్ని తట్టుకునే జన్యువు ఒకటుందని 2014లో డచ్చి శాస్త్రవేత్తలు చూపించారు. ఆ జన్యువు సాగు రకాల్లోకి వచ్చేదాకా టమాటా తోటలో రోజుకు కనీసం ఆరు గంటల చీకటి ఉండాల్సిందే.

లడఖ్‌ది మూడో దారి. లేహ్‌లో చలికాలం రాత్రులు సున్నాకు ఇరవై డిగ్రీల కిందికి దిగిపోతాయి, ఆకాశం మాత్రం తేటగా ఉంటుంది. అక్కడ కరువు వేడికి, వెలుతురుకు కాదు. అక్కడి రక్షణ పరిశోధన సంస్థ డీఐహెచ్ఏఆర్, స్థానిక రైతులు నేలలో గోతులు తవ్వి ప్లాస్టిక్ కప్పినా, దక్షిణం వైపు మాత్రమే తెరిచిన మట్టిగోడల ఇళ్లు కట్టినా, పగటి ఎండను రాత్రికి దాచుకోవడం కోసమే.

అనంతపురానికి ఈ రెండు కరువులూ లేవు. పుష్యమాసం రాత్రి కూడా మామూలుగా 15 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మరి ఇక్కడ పాలీహౌస్ ఎందుకు? దాని పుట్టిల్లు చలిదేశం కావచ్చు. ఇక్కడ దాని పని ఎండను తగ్గించడం, గాలిని ఆపడం, పురుగును రానివ్వకపోవడం, నీళ్లు మిగల్చడం.

తగ్గించాల్సిన అవసరం ఎందుకంటే ఆకు పుచ్చుకునేదానికి ఒక హద్దు ఉంది. నడినెత్తి ఎండలో సెకనుకు చదరపు మీటరు మీద పడేది 2,000 మైక్రోమోల్. విడిగా ఒక టమాటా ఆకును తీసుకుంటే అందులో సగం దగ్గరే దాని పని గరిష్ఠానికి చేరుకుంటుంది. మిగతా సగం దానికి బరువు. ఆ అదనపు శక్తిని ఆకులోని జాంథోఫిల్ అనే పసుపు రంగు పదార్థాలు వేడిగా మార్చి బయటికి నెడతాయి. అదీ చాలకపోతే కిరణజన్య సంయోగక్రియ నడిపే యంత్రాంగమే దెబ్బతింటుంది. దానికి తోడు నీటి ఎద్దడి ఉంటే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, వెలుతురున్నా వంట జరగదు.

అన్ని మొక్కలూ ఇలా ఉండవు. సజ్జ, జొన్న, కొర్ర పూర్తి ఎండలో కూడా ఇంకా తెమ్మంటాయి. ఇవి సి-4 అనే పద్ధతిలో బొగ్గుపులుసు వాయువును పోగుచేసుకునే మొక్కలు. ఆ పద్ధతిని ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకులో 1966లో వివరించారు. పదేళ్లు తిరక్కుండానే తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్. రాఘవేంద్ర ఆ పని చేసే మొక్కలను వెతికి జాబితాలు ప్రచురించడం మొదలుపెట్టారు. రాఘవేంద్ర తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో పేరు తెచ్చుకున్నారు. కూరల్లో ఆ కోవకు చెందినది తోటకూర. కాబట్టి తోటకూర మీద నెట్టు వేయడమంటే డబ్బు పెట్టి దిగుబడి తగ్గించుకోవడమే. టమాటా, కాప్సికం, వంకాయ, శెనక్కాయ మాత్రం సి-4 కావు.

ఎండతో పాటు వేడి కూడా వస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి చచ్చుబడుతుంది, పూత రాలిపోతుంది. కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 దాటితే సరిగ్గా తయారవదు. కాప్సికం కాయ మీద నేరుగా ఎండ పడితే ఆ పక్క తెల్లగా ఉడికిపోయి మెత్తబడుతుంది. ఏప్రిల్ ఆఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి సూర్యుడు అనంతపురానికి సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ రెండింటిలో ఏప్రిల్‌దే అసలు గండం. సగం ఎండను ఆపే నెట్టు ఆ రోజుల్లో పంటను నిజంగానే బతికిస్తుంది. 50 మోల్‌లో సగం పోయినా పాతిక మిగులుతుంది, వేడి తగ్గుతుంది, నీళ్లూ తక్కువ తాగుతుంది. తెలంగాణలో చిన్న రైతుల కోసం నెట్టు, డ్రిప్పు కలిపి తక్కువ ఖర్చుతో గ్రీన్‌హౌస్ కట్టించే ఖేతీ సంస్థకు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. దాని కిటుకంతా ఈ తగ్గింపులోనే ఉంది.

చిక్కు చలికాలంలో మొదలవుతుంది. ఏప్రిల్‌లో కట్టిన నెట్టు డిసెంబరులోనూ అక్కడే ఉంటుంది.

తేట రోజున బయట 35 మోల్. కొత్త పాలీథీన్ కప్పు అందులో మూడింట రెండొంతులు లోపలికి వదులుతుందనుకుంటే 23. కాప్సికంకు సరిగ్గా సరిపోతుంది. కప్పు వేసి రెండు, మూడేళ్లయి, పైన దుమ్ము పేరుకుంటే అది 18కి జారుతుంది. అనంతపురంలో దుమ్ముకు కొదవ లేదు. ఆషాఢం గాలులకు రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతాయి, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతాయి, తక్కింది పాలీహౌస్ నెత్తిన పడుతుంది. ఇప్పుడు ఆ కప్పు కింద యాభై శాతం నెట్టు కూడా పరిచే ఉందనుకోండి. మిగిలేది 9. వెస్ట్‌లాండ్ రైతు ఎకరాకు వేల యూనిట్లు తగలేసి దీపాలతో తెచ్చుకునేదానికంటే తక్కువ! అతను కొనుక్కుంటున్నదాన్ని ఇతను ఊరికే పారబోస్తున్నాడు.

అదీ తేట రోజున. ఈశాన్య రుతుపవనాల వేళ బంగాళాఖాతంలో వాయుగుండం పడితే నవంబరు, డిసెంబరుల్లో నాలుగైదు రోజులు సీమ అంతా ముసురు పట్టి ఉంటుంది. అలాంటి రోజున బయటి వెలుతురే పావు వంతుకు పడిపోవచ్చు. నెట్టు కింద మొక్కకు రెండు మోల్ అందితే గొప్ప. రాత్రంతా మొక్క ఊపిరి తీసుకోవడానికి ఖర్చు పెట్టేదానికీ పగలు సంపాదించేదానికీ చెల్లుకు చెల్లు. ముందుగా పూత రాలుతుంది, తరవాత పిందె. రైతు అది తెగులనుకుని మందు కొడతాడు.

దీని దెబ్బ అందరికంటే ముందు తగిలేది నారుకు. టమాటా, మిరప నారు పెంచే నర్సరీలు దాదాపు అన్నీ షేడ్‌నెట్ల కిందే ఉంటాయి. ట్రేల గుంతల్లో కొబ్బరి పొట్టు, గుంతకొక విత్తనం, ఒకదాన్నొకటి ఆనుకుని వేల మొక్కలు. వెలుతురు తగ్గితే నారు పైకి సాగుతుంది. కాడ సన్నబడి, కణుపుల మధ్య దూరం పెరిగి, ఆకు పలచబడుతుంది. చూడ్డానికి ఎత్తుగా ఏపుగా కనిపిస్తుంది గనుక కొనేవాడు మోసపోతాడు కూడా. అలాంటి నారును పొలంలో నాటిన మర్నాడు ఎండ కాస్తే తల వాల్చేస్తుంది. నేర్పున్న నర్సరీవాళ్లు నాటడానికి వారం, పది రోజుల ముందు నెట్టు తీసి, నీళ్లు తగ్గించి, నారును ఎండకు అలవాటు చేసి పంపిస్తారు.

మందు తేలికే. నెట్టును కట్టేసి వదిలేయకుండా, తాడుతో లాగేలా తీగల మీద నడిపించాలి. ఎండాకాలం పదింటికి పరిచి నాలుగింటికి తీసేయాలి. కార్తీకం నుంచి మాఘం దాకా తేట రోజున మధ్యాహ్నం కాసేపు తప్ప పరవనక్కర్లేదు. మబ్బు పట్టిన రోజున అసలు వద్దు. సంక్రాంతికి ముందోసారి పైకప్పు మీద నీళ్లు కొట్టి కడిగితే, డచ్చివాడి ఒక్క శాతం లెక్క ప్రకారమే చూసినా, ఆ కూలి వెనక్కి వస్తుంది. బాధేమిటంటే పాలీహౌస్ వేసుకునేటప్పుడు రాయితీ కాగితాల్లో నెట్టు ఎన్ని చదరపు మీటర్లో రాసుకుంటారు, దాన్ని ఎప్పుడు తియ్యాలో చెప్పేవాళ్లు తక్కువ.

ఇంతవరకు చెప్పింది వెలుతురు తిండిగా. మొక్క దాన్ని పంచాంగంగా కూడా వాడుకుంటుంది, ఆ లెక్కకు మోల్‌లతో పని లేదు.

1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక పొగాకు రకం మేరీలాండ్ ఎండాకాలంలో ఎంత పెరిగినా ఎందుకు పూయదో వెతుకుతూ, పగటి నిడివే కారణమని కనిపెట్టారు. రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెడితే అది ఎండాకాలంలోనే పూసింది. 1938లో హామ్నర్, బానర్ అనే శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. మొక్క కొలిచేది పగటిని కాదు, ఎడతెగని రాత్రిని. నడిరాత్రి కాసేపు దీపం వెలిగిస్తే చాలు, పొడవైన రాత్రి మొక్క లెక్కలో రెండు పొట్టి రాత్రులైపోతుంది. ఎరుపు వెలుతురును పట్టుకుని ఈ లెక్క నడిపే ఫైటోక్రోమ్ అనే పదార్థం జాడ 1952లో అదే వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ విత్తనాల మీద ప్రయోగాల్లో దొరికింది.

అనంతపురంలో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా గంటా ముప్పావు మాత్రమే. అంత చిన్న తేడాను కూడా గోంగూర పసిగడుతుంది. ఎండాకాలంలో విత్తితే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు. అదే కార్తీకంలో విత్తితే మొక్క ఎదగకముందే మొగ్గ వేసి ఆకు ఆపేస్తుంది. ఎరువు చాల్లేదని అనుకుంటారు గానీ అది రాత్రి నిడివి చేసిన పని. న్యూజెర్సీలో పెరట్లో గోంగూర వేసుకునే తెలుగువాళ్లకు ఇదే లక్షణం తిరగేసి కనిపిస్తుంది. జూన్‌లో అక్కడ పగలు పదిహేను గంటలు, గోంగూర మనిషి ఎత్తు పెరిగి ఆకు ఇస్తూనే ఉంటుంది. పగలు పన్నెండు గంటలకు తగ్గి పూత మొదలయ్యేసరికి సెప్టెంబరు దాటుతుంది, విత్తనం ముదరకముందే మంచు పడుతుంది. కుండీని ఇంట్లోకి తెచ్చి పదహారు గంటలు దీపం పెడితే మళ్లీ ఆకు వేస్తుంది, పదకొండు గంటలే పెడితే పూస్తుంది. పక్కన కిటికీ దగ్గర పెట్టిన కరివేపాకుకు ఈ పంచాంగం పట్టదు. అది అడిగేది తిండి, వెచ్చదనం. రెండూ చాలక ఆకు రాలుస్తుంది.

హిందూపురం దాటి చిక్కబళ్లాపురం వైపు వెళ్తే చలికాలం రాత్రులు చామంతి తోటల్లో వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. చామంతి రాత్రి పొడవైతే పూసే మొక్క. కాడ ఎదిగేదాకా పూతను ఆపి, మంచి ధర వచ్చే రోజులకు పూయించడం ఆ బల్బుల పని. వెస్ట్‌లాండ్ దీపాలతో పోలిస్తే ఆ కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. ఫైటోక్రోమ్‌కు కబురు అందడానికి మసక వెలుగు చాలు.

చలికాలపు రాత్రిని ఈ సీమలో కళ్లారా చూడాలంటే అనప చాలు. తొలకరికి శెనక్కాయలోనో రాగిలోనో సాలు పంటగా వేసినా అది తొందరపడదు. పగలు కురచబడేదాకా తీగ సాగి, అప్పుడు పూసి, ధనుర్మాసం వచ్చేసరికి సంతలో అనపకాయలు కుప్పలు పోస్తారు. నానబెట్టి, గింజ పితికి, తోలు తీసిన పితుకు పప్పు కూర ఆ చలి రోజుల్లోనే. ఏడాది పొడుగునా కాయ కావాలన్న కోరికతో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం హెబ్బాళ అవరె రకాలను, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్‌లను తయారుచేశాయి. ఇవి రాత్రి నిడివిని పట్టించుకోని పొట్టి మొక్కలు, ఏ నెలలో విత్తినా రెండు నెలలకల్లా కాస్తాయి. చలికాలపు అనపకాయ చేతికి అంటించే జిడ్డు, ఆ ఘాటు వాసన హెబ్బాళ రకాల్లో అంతగా లేవని కొనేవాళ్లు అప్పటి నుంచీ గొణుగుతూనే ఉన్నారు.